స్కీయింగ్ నేర్చుకునేటప్పుడు మీ మనసులో నాటుకుపోయిన మాట ఏది?

నాగావళి_సియాటిల్

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం, ఉండేది సియాటిల్ దగ్గర. స్నోక్వాల్మీ పాస్ మాకు గంట ప్రయాణమే కాబట్టి చలికాలంలో వీలైన ప్రతి శనివారం వెళ్తున్నాను. ఇది మూడో సీజన్. గ్రీన్ రన్స్, అంటే తేలిక వాలులు, హాయిగా దిగుతాను. మధ్యరకం బ్లూ ఎక్కానంటే చాలు, తొడలు మండిపోతాయి. మొదటి రెండు మలుపులూ బాగానే పడతాయి, మూడోది అదుపు తప్పుతుంది. వీడియోలు చాలా చూశాను. చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమవుతాయి, మంచు మీద నిలబడ్డాక ఒక్కటీ గుర్తురాదు.

ఇన్ని పాఠాల్లో గుర్తుండిపోయింది ఒక్కటే. పోయిన జనవరిలో లెసన్ తీసుకున్నప్పుడు టీచర్ నా దగ్గర ఒక డాలర్ నోటు అడిగి తీసుకుంది. దాన్ని మడిచి నా బూటు నాలుకకీ, కాలి ముందెముకకీ మధ్య పెట్టింది. కిందికి చేరేదాకా అది జారకుండా కాలితో నొక్కి పట్టుకోమంది. మొదటిసారి సగం దూరంలోనే నోటు బూటులోకి జారిపోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగోసారి కింద ఆగి బకిల్ విప్పి చూస్తే నోటు పెట్టిన చోటే ఉంది, చెమటకి తడిసి మేజోడుకి అంటుకుపోయి. ఆ ఒక్కసారి స్కీలు నేను అనుకున్న వైపు తిరిగాయి.

మీకు కూడా ఇలా ఒంటికి పట్టిన మాట ఏదైనా ఉంటే చెప్పండి. పొడుగాటి పాఠం వద్దు. వాలు మీద ఉన్నప్పుడు మీలో మీరు అనుకునే మాట కావాలి.

డెన్వర్_మాస్టారు

తమ్ముడూ, ఆ టీచరమ్మ అసలు విషయం పట్టుకుంది. నేను వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు పిల్లలకీ, పెద్దయ్యాక మొదలుపెట్టేవాళ్ళకీ స్కీయింగ్ నేర్పుతాను. పదకొండేళ్ళ నుంచి చూస్తున్నాను, నూటికి తొంభై కష్టాలు ఆ నోటు జారిపోవడం దగ్గరే మొదలవుతాయి.

వాలు కనబడగానే మన ఒళ్ళు వెనక్కి వాలుతుంది. తడి గట్టు దిగేటప్పుడు చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని అది, నేల మీద అది మంచిదే. స్కీల మీద మాత్రం అదే మన కొంప ముంచుతుంది. స్కీ మలుపులోకి వెళ్ళాలంటే దాని ముందు భాగం మంచుని పట్టుకోవాలి. బరువు మడమల మీదికి పోతే ముందు భాగం తేలిపోతుంది. తేలిన స్కీ తిరగదు. తిరగట్లేదని భయం, భయంతో ఇంకా వెనక్కి. బళ్ళో గోడకుర్చీ వేయించేవారు గుర్తుందా? వెనక్కి వాలి స్కీ చేసేవాడు పొద్దున్నించి సాయంత్రం దాకా గోడ లేకుండా గోడకుర్చీ వేస్తున్నట్టే లెక్క. నీ తొడలు మండేది దానివల్లే, ఒంట్లో బలం తక్కువై కాదు.

ఇంకో తప్పు, ముందుకి వంగమంటే అందరూ నడుము దగ్గర వంగుతారు, వరినాట్లు వేసేటప్పుడు వంగినట్టు. అప్పుడు తల ముందుకి వెళ్తుంది, పిరుదులు మాత్రం వెనకే ఉండిపోతాయి, బరువు కదలదు. వంగాల్సింది చీలమండ దగ్గర. మన తెలుగు పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి నేను చెప్పే మాట ఇది: పెళ్ళిలో పంక్తి మీద సాంబారు బకెట్ పట్టుకుని వడ్డించే మనిషిని తలుచుకోండి. రెండు చేతులూ ముందుంటాయి, మోకాళ్ళు కాస్త వంగి ఉంటాయి, చూపు తర్వాతి విస్తరి మీద ఉంటుంది, నడుస్తూనే ఉంటాడు కానీ బకెట్ తొణకదు. చేతులు ఎప్పుడూ కళ్ళకి కనబడుతూ ఉండాలి. ఒక చెయ్యి కనబడలేదంటే అది వెనక్కి పోయింది, దానితో పాటు భుజం, భుజంతో పాటు బరువు కూడా పోయినట్టే.

నాకు నాటుకుపోయిన మాట వేరే ఉంది. దాని గురించి రాత్రికి తీరిగ్గా రాస్తాను.

గజ్జెలు

మాస్టారు గారూ, వడ్డన మాట చాలా బాగుంది. మాది న్యూజెర్సీ. మేము పోకోనోస్ కొండలకి వెళ్తాం. అక్కడ వాన పడి రాత్రికి గడ్డకడుతుంది, పొద్దున వెళ్తే వాలంతా గాజుపలకలా ఉంటుంది. మంచు అని పేరే గానీ సగం రోజులు ఐసు మీదే.

నేను పన్నెండేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. తరంగం చేసేటప్పుడు ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, పాదాలతో పళ్ళాన్ని కదుపుతూ ముందుకి వెళ్తాం కదా. పళ్ళెం కదిలేది కాళ్ళు ఊపడం వల్ల కాదు. ఒక పాదం మీద బరువు దింపి, రెండోది తేలిక చేసి, చీలమండతో తిప్పుతాం. బరువు మారిన సంగతి చూసేవాళ్ళకి తెలియను కూడా తెలియదు. తల మీద చెంబు ఉంటే నీళ్ళు ఒలకకూడదు. నడుము పైన అంతా నిశ్చలం, కింద అంతా పని.

మొదటి సీజన్లో ఐసు మీద పడి పడి ఏడ్చినంత పనైంది. ఒకరోజు లిఫ్ట్ మీద కూర్చుని ఉండగా మా గురువుగారి మాట గుర్తొచ్చింది: "తొక్కకు, ఒత్తు." దిగి అదే చేశాను. ఐసు మీద స్కీని గట్టిగా తోస్తే సర్రున జారిపోతుంది. మెల్లగా, కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుకుంటూ పోతే అంచు దిగబడుతుంది. ఆ రోజు నుంచి ఐసు మీద నా మాట అదే, తొక్కకు, ఒత్తు. అద్దె స్కీల అంచులు మొద్దుబారి ఉంటే మాత్రం ఏ మాటా పనిచెయ్యదు. వేలిగోరుని అంచు మీద అడ్డంగా గీస్తే గోరు పొడిలా రాలాలి. రాలకపోతే మార్చి ఇమ్మని అడగండి, మొహమాటపడొద్దు.

అరమండిలో కూర్చోవడం అలవాటున్నవాళ్ళకి స్కీయింగ్ తేలిగ్గా వస్తుందని నాకనిపిస్తుంది. నడుము నిటారుగా ఉంచి మోకాళ్ళు వంచడం ఒంటికి తెలిసే ఉంటుంది కాబట్టి.

డెన్వర్_మాస్టారు

గజ్జెలు గారూ, తరంగం పోలిక విని ఒళ్ళు పులకరించింది. పై ఒళ్ళు కదలకుండా కాళ్ళు మాత్రం పని చెయ్యాలన్నది స్కీయింగ్‌లో సగం విద్య. అమెరికా స్కీయర్ మికేలా షిఫ్రిన్ స్లాలమ్, అంటే జెండా కర్రల మధ్య మెలికలు తిరిగే రేసు, చేస్తుంటే ఎదురుగా తీసిన వీడియో చూడండి. 2025 ఫిబ్రవరిలో నూరో ప్రపంచకప్ రేసు గెలిచింది ఆవిడ. కాళ్ళు గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతుంటాయి, తలా ఛాతీ మాత్రం కొండ కిందికే చూస్తుంటాయి.

అరమండి విషయంలో ఒక్క జాగ్రత్త. అందులో మోకాళ్ళు పక్కలకి తెరుచుకుంటాయి. స్కీల మీద మోకాళ్ళు వేళ్ళున్న వైపే, ముందుకే వంగాలి. నడుము నిటారు అన్నంత వరకు తీసుకోండి, మోకాళ్ళ సంగతి వదిలెయ్యండి.

ఇక నా మాట: బయటి కాలు.

ఎడమకి తిరుగుతుంటే కుడికాలు బయటి కాలు. కుడికి తిరుగుతుంటే ఎడమకాలు. మలుపు మొత్తం ఆ కాలి మీదే ఉండాలి, ఆ పాదంలో బొటనవేలి వైపు అంచు మీద. కొత్తవాళ్ళు ఏం చేస్తారంటే, కొండ కిందుంది కాబట్టి భయపడి కొండ వైపుకి, అంటే లోపలి కాలి మీదికి ఒరుగుతారు. సైకిలు, మోటార్ సైకిల్ తొక్కిన అలవాటు ఒకటి ఉంది, మలుపులో లోపలికి వాలాలని. స్కీల మీద అలా ఒళ్ళంతా వాలితే బయటి స్కీ మంచుని వదిలేస్తుంది, మనిషి కొండ వైపు కూలబడిపోతాడు.

దీన్ని ఒంటికి ఎక్కించడానికి ఒకే ఒక్క సాధన చెప్తాను. తేలికపాటి గ్రీన్ రన్ మీద, మలుపు తిరుగుతున్నంతసేపూ లోపలి స్కీ తోక, అంటే వెనక భాగం, మంచు మీంచి ఒక అంగుళం పైకి లేపి ఉంచు. ముందు కొస మంచుకి తగులుతూ ఉండనీ. మొత్తం స్కీ లేపితే మళ్ళీ వెనక్కి వాలిపోతావు. తోక లేపగలుగుతున్నావంటే బరువు బయటి కాలి మీద ఉన్నట్టే, అందులో అబద్ధానికి చోటు లేదు. లేపిన తోక మధ్యలో టప్పున కింద పడిందంటే అక్కడ భయం వేసి లోపలికి వాలావన్నమాట. ఒక పూట మొత్తం ఇదే చెయ్యి. బ్లూ జోలికి వెళ్ళకు.

చార్మినార్_టు_గుల్మార్గ్

నేను హైదరాబాద్‌లోనే ఉంటాను. అమెరికా, యూరప్ వెళ్తే తప్ప స్కీయింగ్ నేర్చుకోలేమని అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఉత్తరాఖండ్ ఔలీలో కూడా కోర్సులు నడుస్తాయి. సీజన్ ముందు వాళ్ళ వెబ్‌సైట్లు చూసుకుని సీటు బుక్ చేసుకోవాలి, జనవరి ఫిబ్రవరి బ్యాచ్‌లు తొందరగా నిండిపోతాయి. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రోజు మెట్లెక్కినా ఆయాసమే. కనీసం ఒకరోజు ముందే చేరుకోండి.

అక్కడ మొదటి రెండు రోజులు మాకు లిఫ్ట్ లేదు. స్కీలు వేసుకుని వాలుకి అడ్డంగా నిలబడి, పక్కపక్కగా మెట్లెక్కినట్టు ఎక్కాలి. ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి ఇరవై సెకన్లు. అప్పుడు తిట్టుకున్నాను, ఇప్పుడు దండం పెడుతున్నాను. స్కీ అంచు అంటే ఏమిటో దిగుతూ కాదు, అలా ఎక్కుతూనే తెలిసింది. కొండ వైపు అంచు దిగబడితే నిలబడతాం, బల్లపరుపుగా పెడితే వెనక్కి జారతాం.

మా ఉస్తాద్ కాశ్మీరీ పెద్దాయన. ఎప్పుడూ ఒకటే మాట: "స్కీ మత్ దేఖో, రాస్తా దేఖో." స్కీని చూడకు, దారి చూడు అని. నేను నా స్కీ కొసలనే చూసుకుంటూ దిగేవాణ్ణి. తల వంచితే వీపు గుండ్రంగా అయిపోతుంది, వీపు గుండ్రమైతే బరువు వెనక్కి. మూడో రోజు ఆయన నా ముందు ఒక ఇరవై అడుగుల దూరంలో వెనక్కి తిరిగి స్కీ చేసుకుంటూ, ఒక చెయ్యి పైకెత్తి వేళ్ళు చూపించడం మొదలుపెట్టాడు. ఎన్ని వేళ్ళో నేను గట్టిగా చెప్పాలి. దో! పాంచ్! తీన్! చెప్తూ చెప్తూ ఎప్పుడు తిరిగానో, ఎప్పుడు కిందికొచ్చానో తెలియలేదు. స్కూటర్ నడిపేటప్పుడు ముందు చక్రం వైపు చూస్తామా? అదే ఇది. ఇప్పుడు చూపు ఎప్పుడూ రెండు మలుపుల అవతల పెడతాను.

ఆ ప్రాంతం వాళ్ళకి ఈ విద్య మీద ప్రాణం. గుల్మార్గ్ కింద తంగ్‌మర్గ్ వైపు ఊరివాడైన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్ళిన ఒకే ఒక్క క్రీడాకారుడు. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం వచ్చింది. మా ఉస్తాద్ ఆ మాట చెప్తున్నప్పుడు గొంతు మారిపోయింది.

ఒక హెచ్చరిక. గండోలా, అంటే కేబుల్ కారు, రెండో దశ దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి దిగేది చదును చేసిన వాలు కాదు, హిమపాతాలు వచ్చే కొండ. నేర్చుకునేవాళ్ళు పైకెళ్ళి చుట్టూ చూసి, గండోలాలోనే తిరిగి రండి.

బవేరియా_బాబు

మ్యూనిక్ నుంచి. ఇక్కడ వారాంతం వస్తే అందరూ ఆస్ట్రియా వైపే. మీలో తెలియనివాళ్ళకి: అమెరికాలో బ్లూ తర్వాత కష్టమైన బ్లాక్ వస్తే, ఇక్కడ బ్లూకీ బ్లాక్‌కీ మధ్య రెడ్ ఉంటుంది. మొదటిసారి రెడ్ చూసినప్పుడు నేను పిజ్జా వేసుకుని, అంటే స్కీల ముందు కొసలు దగ్గర పెట్టి తోకలు విడదీసి, బ్రేకు వేసుకుంటూనే దిగాను. మోకాళ్ళు నొప్పి, వేగం తగ్గలేదు.

అప్పుడు టీచర్ చెప్పింది, వేగం తగ్గించేది బ్రేకు కాదు, దారి అని. నాకు వెంటనే తిరుమల ఘాట్ రోడ్డు కళ్ళముందుకొచ్చింది. కొండ ఎంత నిటారుగా ఉన్నా బస్సు దిగుతోందంటే రోడ్డు అడ్డంగా మెలికలు తిరుగుతూ వెళ్ళడం వల్లే కదా. మలుపు సగంలో వదిలేస్తే స్కీలు పల్లం వైపే చూస్తుంటాయి, వేగం పెరుగుతుంది. మలుపు పూర్తి చేస్తే, అంటే స్కీలు వాలుకి అడ్డంగా వచ్చేదాకా, ఇంకా కావాలంటే కాస్త పైకి చూసేదాకా తిప్పితే, వేగం దానంతటదే చచ్చిపోతుంది. నా మాట: మలుపు మింగకు, పూర్తి చెయ్యి.

నాగావళి గారూ, మీ మూడో మలుపు అదుపు తప్పడానికి కారణం మూడో మలుపులో ఉండకపోవచ్చు. మొదటి రెండూ పూర్తి కాకుండా వదిలేసి ఉంటారు, ఆ వేగమంతా మూడోదాని మీద పడుతోంది.

నాగావళి_సియాటిల్

బాబు గారూ, ఇది చదివి మా అబ్బాయి ఫోన్‌లో తీసిన వీడియో మళ్ళీ పెట్టి చూశాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం. రెండో మలుపు సగంలోనే మూడోదానికి తిరిగిపోతున్నాను.

కృష్ణాతీరం

పిజ్జా అసలు నేర్పకూడదంటారు కొందరు. తర్వాత మానడం కష్టమట. మా పిల్లలకి నేర్పించాలా వద్దా?

డెన్వర్_మాస్టారు

నేర్పించండి. ఆగడం రానివాడికి భయం పోదు, భయం పోనివాడికి ఇంకేదీ రాదు. లిఫ్ట్ దగ్గర వరసలో, జనం గుంపులో, మెల్లగా పోవాల్సిన చోట నేనూ పిజ్జానే వేస్తాను. రాగానే ఆపెయ్యకుండా దానితోనే మలుపులు తిప్పించండి. బయటి కాలి మీద ఒత్తిడి పెంచితే పిజ్జాలో కూడా స్కీ తిరుగుతుంది. అది అర్థమైన పిల్లకి లోపలి స్కీ తనంతట తానే పక్కకొచ్చి చేరుతుంది. నిటారు వాలు మీదికి పిజ్జాతో తీసుకెళ్ళడం మాత్రం వద్దు. పిల్లల్ని మీ రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని దింపడం కూడా వద్దు. వాళ్ళు మీ మీద ఆనుకోవడం నేర్చుకుంటారు.

గోదారమ్మాయి_47

నేను 47 ఏళ్ళకి మొదలుపెట్టాను. ఈ పేరు అందుకే పెట్టుకున్నాను. మీరంతా చెప్పేవి కాళ్ళ గురించి, చేతుల గురించి. నా కష్టం గుండెలో.

తాహో దగ్గర ఒక రిసార్టులో తెలిసినవాళ్ళు "తేలికే, రండి" అని పైకి తీసుకెళ్ళారు. దారి తప్పి ఒక బ్లాక్ రన్ మొదట్లో తేలాం. వాళ్ళు దిగిపోయారు. నేను అంచున నిలబడి కిందికి చూస్తే కాళ్ళలో వణుకు, నోరెండిపోయింది. స్కీలు విప్పి నడుద్దామంటే బూట్లు జారుతున్నాయి. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. అప్పుడు స్కీ పట్రోల్, అంటే కొండ మీద ఆపదలో ఉన్నవాళ్ళకి సాయపడే దళం, ఆవిడ ఒకరు వచ్చారు. దిగమని అనలేదు, ధైర్యం చెప్పలేదు. నా కింద పక్కకి వచ్చి నిలబడి, "తిరగాల్సిన పని లేదు, జారితే చాలు" అన్నారు.

స్కీలు వాలుకి అడ్డంగా పెట్టాను. చీలమండలు పల్లం వైపు ఒక్క పిసరు వదులు చేయమన్నారు. చేశాను. స్కీలు పక్కకి, అలాగే అడ్డంగా, గీరుకుంటూ కిందికి జారాయి. ఒక అడుగు. చీలమండలు కొండ వైపు మళ్ళించాను, ఆగాయి. మళ్ళీ వదులు, రెండడుగులు. మళ్ళీ ఆపు. చపాతీ పీట మీద పిండి గీరినట్టు చప్పుడు. అలా ఆ వాలు మొత్తం ఒక్క మలుపు కూడా తిరగకుండా దిగాను. కింద చేరాక ఆవిడని వాటేసుకున్నాను.

పక్కకి జారడం వచ్చినవాళ్ళు దిగలేని చోటు చాలా తక్కువ. అది నాకు మొదటి రోజే ఎందుకు నేర్పలేదా అని ఇప్పటికీ బాధ. ఆడవాళ్ళకీ, నాలాగా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకీ చెప్తున్నా, ముందు అది నేర్చుకోండి. దిగగలననే నమ్మకం వచ్చాకే మలుపులు వచ్చాయి నాకు.

రెండో మాట ఊపిరి. భయపడితే ఊపిరి బిగబడతాం, ఒళ్ళు కట్టెలా అవుతుంది. నేను ప్రతి మలుపుకీ "హుఁ..." అని గట్టిగా ఊపిరి వదులుతాను. మలుపు ఎంత పొడుగో ఊపిరి అంత పొడుగు.

డెన్వర్_మాస్టారు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వచ్చే శనివారం నా క్లాసులో మొదటి గంటలోనే పక్కకి జారడం నేర్పిస్తాను. ఇన్నాళ్ళూ రెండో రోజు దాకా ఆపేవాణ్ణి.

కృష్ణాతీరం

బూట్ల గురించి ఎవరూ చెప్పలేదు. మా ఆవిడకి గంటకే పాదాలు తిమ్మిరెక్కిపోతున్నాయి. రెండు జతల ఉన్ని మేజోళ్ళు వేసినా చలి తగ్గట్లేదు.

చార్మినార్_టు_గుల్మార్గ్

రెండు జతలు వెంటనే తీసెయ్యండి అన్నా! కారణమే అది. బిగుసుకుపోయి రక్తం ఆడదు, అందుకే చలి. ఒకే ఒక్క జత, పల్చటిది, మోకాలి దాకా వచ్చేది వెయ్యండి. ప్యాంటు, లోపలి థర్మల్ ఏదీ బూటులోకి దోపొద్దు. చిన్న మడత ఉన్నా సాయంత్రానికి పుండవుతుంది.

నాకు మొదటిసారి అద్దెకిచ్చిన బూట్లు రెండు సైజులు పెద్దవి. "హాయిగా ఉన్నాయా?" అని అడిగితే "చెప్పుల్లా ఉన్నాయి" అని సంతోషంగా చెప్పాను. వాలు మీద కాలు తిరుగుతుంది, బూటు తిరగదు. కొలత ఇలా చూసుకోవాలి: నిటారుగా నిలబడితే కాలివేళ్ళు బూటు ముందు గోడకి ఆనాలి. మోకాలు ముందుకి వంచితే మడమ వెనక్కి సర్దుకుని వేళ్ళు గోడ నుంచి విడిపోవాలి. మడమ లోపల పైకి లేవకూడదు. బకిల్స్ పెట్టేముందు మడమని నేలకేసి రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టండి. పాదం మీది బకిల్స్ మామూలుగా, చీలమండ దగ్గరవి గట్టిగా.

ఏసీఎల్_తర్వాత

బూట్ల తర్వాత బైండింగ్స్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుల మాట కూడా చెప్పుకోవాలి. నాకు నాలుగేళ్ళ కింద మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. ఆపరేషన్, తొమ్మిది నెలల ఫిజియోథెరపీ. అందుకని ఈ చర్చలో నా మాట కాస్త గట్టిగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.

అద్దె దుకాణంలో ఫారం నింపేటప్పుడు బరువు, ఎత్తు, వయసు, ఎలాంటి స్కీయర్ అనేవి అడుగుతారు. వాటితో, బూటు అడుగు పొడవుతో కలిపి డిన్ నంబరు లెక్క కడతారు. ఎంత బలం పడితే బైండింగ్ బూటుని వదిలెయ్యాలో నిర్ణయించేది ఆ నంబరే. నేను నాకు చాలా వచ్చని రాశాను. నంబరు పెరిగింది. పడినప్పుడు స్కీ ఊడలేదు, మోకాలు తిరిగింది. దయచేసి ఆ ఫారంలో నిజం రాయండి, బరువుతో సహా. నంబరు మీరే స్క్రూడ్రైవర్‌తో మార్చకండి.

పడేటప్పుడు నా ఫిజియో, ఆ తర్వాత నా టీచర్ చెప్పిన మాటలు: పడిపోతున్నామని తెలిశాక పడిపోవాలి. వెనక్కి కూర్చుండిపోయి, జారుతూనే లేవబోతామే, మోకాలు తెగేది అక్కడే. నాకు జరిగింది సరిగ్గా అదే. చేతులు ముందుకి, కాళ్ళు చాచి కర్రల్లా బిగించకుండా, పూర్తిగా ఆగేదాకా లేవొద్దు.

ఇంకొకటి. కొండ మీద ముందున్నవాళ్ళదే, అంటే మనకి కింద ఉన్నవాళ్ళదే హక్కు. వెనక నుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి. బయల్దేరే ముందు పైకి చూడాలి. ఆగితే పక్కన, పైనుంచి కనబడే చోట ఆగాలి. మిట్ట దాటగానే కింద కూర్చుని ఫోటోలు తీసుకునే మనవాళ్ళని చూస్తే ప్రాణం పోతుంది నాకు.

సప్పోరో_సుబ్బి

జపాన్ హొక్కైడో నుంచి పౌడర్, అంటే మెత్తటి కొత్త మంచు గురించి చిన్న మాట. ఇక్కడ మోకాలి లోతు కొత్త మంచు మామూలే. పౌడర్‌లో వెనక్కి వాలాలని చాలామంది చెప్తారు, నమ్మకండి, తొడలు పోతాయి. చదును వాలు మీద బయటి కాలు అని మాస్టారు చెప్పింది నిజం. లోతు మంచులో మాత్రం ఒక కాలి మీదే బరువు వేస్తే అది మునిగిపోతుంది. రెండు పాదాలూ దగ్గరగా, రెండూ ఒకే పలక అనుకుని, మెత్తటి పరుపు మీద నిలబడి మెల్లగా పైకీ కిందికీ ఊగినట్టు. కిందికి ఒత్తి, పైకి తేలినప్పుడు తిప్పాలి. స్కీ ఊడిపోతే కింద వెతకొద్దు. మనం జారి వచ్చేశాం, అది పైనే ఉంటుంది.

మబ్బు పట్టి అంతా తెల్లగా కలిసిపోయి, గుంట ఏదో మిట్ట ఏదో తెలియనప్పుడు చెట్ల వరస పక్కన దిగండి. చెట్లు నిలువుని చూపిస్తాయి, నేల వాలు తెలుస్తుంది.

నాగావళి_సియాటిల్

శనివారం వెళ్ళొచ్చాను. పొద్దున నుంచి లంచ్ దాకా గ్రీన్ మీదే ఉన్నాను, మాస్టారు చెప్పినట్టు లోపలి స్కీ తోక ఎత్తి. మొదటి గంట ప్రతి మలుపులో తోక టప్‌టప్‌మని పడుతూనే ఉంది. పదకొండింటికి ఒక కుడి మలుపులో మొత్తం లేచే ఉంది. ఎడమ బూటులో బొటనవేలి కింద, అరికాలి లోపలి గీత పొడవునా బరువు దిగడం స్పష్టంగా తెలిసింది. స్కీ కింద చప్పుడు కూడా మారింది. అంతకుముందు గరగరలాడేది, ఇప్పుడు గుడ్డ చింపినట్టు సన్నగా వచ్చింది.

లంచ్ తర్వాత బ్లూ ఎక్కాను. ఘాట్ రోడ్డు, ఘాట్ రోడ్డు అనుకుంటూ ప్రతి మలుపూ స్కీలు అడ్డంగా వచ్చేదాకా ఆగాను. మూడో మలుపు దాటింది, ఏడోది దాటింది. మధ్యలో ఆగకుండా కింది దాకా వచ్చాను, మూడేళ్ళలో మొదటిసారి. తొడలు మండలేదు. గోదారమ్మాయి గారి "హుఁ" కూడా వాడాను, పక్కనున్న పిల్లాడు నా వైపు చూసి వాడూ మొదలుపెట్టాడు.

ఒక్కటి కుదరట్లేదు. కుడి మలుపులు బాగున్నాయి. ఎడమకి తిరిగేటప్పుడు మాత్రం తోక నిలవట్లేదు, కుడికాలి మీద నిలబడలేకపోతున్నాను. మామూలుగా నా కుడికాలే బలమైనది. ఎందుకిలా?

డెన్వర్_మాస్టారు

శభాష్ తమ్ముడూ! చాలా సంతోషం.

అందరికీ ఒక వైపు మలుపు కొంత మొండికేస్తుంది, నాకూ ఎడమే. బలం ఉన్న కాలు వేరు, నిలదొక్కుకునే కాలు వేరు. బంతి తన్నే కాలు కుడిదైతే, అప్పుడు ఒళ్ళంతా మోసేది ఎడమది. కుడికాలికి ఒంటరిగా నిలబడే అలవాటు తక్కువై ఉండొచ్చు. రోజూ పళ్ళు తోముకునేటప్పుడు కుడికాలి మీదే నిలబడు, మోకాలు కాస్త వంచి. వాలు మీద మూడు ఎడమ మలుపులకి ఒక కుడి మలుపు చొప్పున చెయ్యి, వెడల్పాటి రన్ చూసుకుని, పై నుంచి ఎవరూ రావట్లేదని చూసుకుని.

దానికంటే ముందు ఒకటి చూడు. కుడి బూటు పై బకిల్ ఎడమదానికంటే ఒక గాటు వదులుగా పెడుతున్నావేమో. డాలర్ నోటు ఏ బూటులో పెట్టారు ఆవిడ?

నాగావళి_సియాటిల్

ఎడమ బూటులో మాస్టారూ. కుడి దాంట్లో ఎప్పుడూ పెట్టి చూడలేదు. ఈ శనివారం రెండు నోట్లు తీసుకెళ్తాను.